గొళ్ళెం పడ్డ గింజ

క్రోనెల్ కంపెనీ ఓడలో సరుకంతా చేదెక్కిపోయిందన్న వార్త వచ్చిన పొద్దున డెలాలి కడుపారా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, రేడియో గొంతు పెంచి మళ్ళీ వింది. ఎక్కడో ఉత్తర సముద్రపు రేవులో గోదాము తలుపులు తీశారట. కూలీలు ముక్కులు మూసుకుని వెనక్కి పరుగెత్తారట. గింజ కొరికి చూసిన పెద్దమనిషి బాల్చీ తెప్పించుకున్నాడట. ఎంత చేదనుకున్నారు! వేపపిండి దానిముందు బెల్లంముక్క.

"కుదిరింది రోగం!" అంది డెలాలి పైకే. ఆ మాట తెలుగులో అంది. విశాఖపట్నంలో ఏళ్ళ తరబడి ఉండి సూక్ష్మజీవుల చదువు చదివిన మనిషి. తిట్టాలంటే తనకొచ్చిన భాషలన్నిట్లోనూ తెలుగంత చేవ మరోదానికి లేదని ఆమె నమ్మకం.

పక్క షెడ్డులో ఇనప పీపాను నిలువునా కోసి, గింజలు వేయించే పెనంగా మారుస్తున్న అబ్బులు తల బయటపెట్టాడు. "ఏటండీ మేడమ్ గారూ, పొద్దున్నే ఎవర్నండీ అలా దీవిస్తన్నారు?"

"మా నాన్న చేత సలాం కొట్టించుకున్నవాళ్ళని, అబ్బులు గారూ."

"ఆయ్, అయితే ఇంకో నాలుగు తగిలించండి. నా తరపున కూడానండి," అని అతను మళ్ళీ సుత్తి అందుకున్నాడు. అబ్బులుది ద్వారకాతిరుమల దగ్గర పల్లెటూరు. కొబ్బరితోటల నీడన కోకో వేసే చోట పుట్టాడు కాబట్టి, గింజ సంగతి, ఇనుము సంగతి రెండూ తెలుసు. డెలాలి పిలిస్తే ఇంత దూరం వచ్చి ఇక్కడి రైతుల సంఘంలో మెకానిక్కుగా కుదురుకున్నాడు.

ఇంత దూరం అంటే ఎంత దూరం? ఆఫ్రికా పడమటి తీరాన అజాలా అనే చిన్న దేశం ఒకటి ఉందనుకోండి. కొండల నిండా కోకో చెట్లు. స్వాతంత్ర్యం వచ్చింది, జెండా మారింది, దేశగీతం మారింది. గింజ మాత్రం అదే బస్తాలో, అదే ఓడ ఎక్కి, అదే రేవులో దిగుతూ వచ్చింది. పచ్చిగింజగా వెళ్ళి, చాక్లెట్టయి తిరిగొచ్చి, పండించినవాడు కొనలేని ధరకి కొట్లో అద్దాల వెనక కూర్చునేది. నల్లవాడు పండించాలి, తెల్లవాడు వండాలి. ఈ ఏర్పాటు దేవుడు చేసింది కాదు, క్రోనెల్ లాంటి కంపెనీలు చేసింది. కడుపు మండదా మరి?

డెలాలి తండ్రి కోమ్లాకి మండింది. ఊరూరూ తిరిగి రైతుల చేత సంఘం కట్టించి, అప్పోసప్పో చేసి చాక్లెట్టు ఫ్యాక్టరీ పెట్టాడు. గింజ అందరిదీ, మర అందరిదీ, లాభం అందరిదీ అన్నాడు. క్రోనెల్ వాళ్ళు గట్టిగా మాట్లాడను కూడా లేదు. సంఘానికి ఒక్క బస్తా అమ్మిన ఊరినుంచి మేం ఒక్క గింజా కొనం అని చల్లగా చెప్పి ఊరుకున్నారు. ఒక్క పంటకాలం చాలింది. ఊళ్ళు బతకాలి కదా! ఒక్కొక్కరే తలొంచుకుని కంపెనీ తూకం దగ్గరికి వెళ్ళారు. మరలు తుప్పుపట్టాయి. ఏటి ఒడ్డున ఊరి ఉమ్మడి నేల కూడా ఏవో కాగితాల మాయతో కంపెనీదై, అక్కడ పెద్ద తోట లేచింది.

కోమ్లాకి ఎవరూ పని ఇవ్వలేదు. చివరికి ఆ తోట గేటు దగ్గరే కాపలావాడిగా కుదిరాడు. కంపెనీ ఇచ్చిన ఖాకీ చొక్కా తొడుక్కుని, మేనేజరు కారు కనపడగానే లేచి నిలబడి సలాం కొట్టేవాడు. బడినుంచి వచ్చే డెలాలి అది రోజూ చూసింది. తండ్రి కూతుర్ని చూసి కూడా చూడనట్టు మొహం తిప్పుకునేవాడు. ఆ చొక్కాతోనే పోయాడు. డెలాలి దాన్ని ఉతికి మడిచి దాచింది. అప్పుడే అనుకుంది, వీళ్ళ నోట్లో మట్టికొట్టకపోతే నేను ఆ తండ్రి కూతుర్నే కాదని.

చదివిందంతా అందుకే చదివింది. పదేళ్ళ పాటు పెళ్ళి లేదు, పండగ లేదు. చివరికి తయారుచేసింది గొళ్ళేన్ని.

గొళ్ళెం అంటే కంటికి కనపడని పురుగు. కోకో కాయ పగలగొట్టి, గుజ్జుతో సహా గింజల్ని కుప్పపోసి అరిటాకులు కప్పుతారు. లోపల పులుపు ఎక్కి, చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది. రుచి అప్పుడే పుట్టేది. ఆ వేడిలో గొళ్ళెం గింజలోకి దూరి నిద్రపోతుంది. వారం పదిరోజుల్లో గింజని వేయిస్తే నిద్రలోనే చచ్చి, చాక్లెట్టు కమ్మగా వస్తుంది. వేయించకుండా బస్తాకెత్తి నిలవ ఉంచితే, గోదాములోనో ఓడ కడుపులోనో ఉక్కకి మేలుకుని గింజలోని కొవ్వునంతా చేదు చేసేస్తుంది. అంటే అజాలా కోకో వండిందైతే సముద్రం దాటుతుంది, పచ్చిది దాటదు. ఆలోచన ఎలా ఉంది? డెలాలికి మాత్రం పండగలా ఉంది.

గొళ్ళెం తయారైందని చెప్పినప్పుడు ఇంట్లో భోజనాల దగ్గర పెద్ద రభసే అయింది. మామ్మ మొక్కజొన్న సంకటి ముద్దలు చేసి బెండకాయ పులుసు పోస్తోంది. అన్నయ్య ఎడెమ్ ముద్ద నోట్లో పెట్టుకోకుండానే లేచి నిలబడ్డాడు. అమెరికాలో నల్లవాళ్ళ పేటలో, నల్లవాళ్ళే పెట్టుకున్న బ్యాంకులో పనిచేసి వచ్చినవాడు అతను.

"ఇది బంగారం చెల్లీ! దీన్ని మన పేర రాయించుకుని మన కంపెనీ పెడదాం. మన పెట్టుబడి, మన వాటాలు. అక్కడ చూశాను, నల్లవాడి దగ్గర సొంత సొమ్ము ఉన్న వీధికి పోలీసు కూడా తలుపు కొట్టి వస్తాడు."

మామ్మ గరిటె తిప్పడం ఆపింది. "మీ నాన్న పెట్టింది సంఘంరా. తెల్లదొర పోయి నల్లదొర వస్తే మెత్తగా నొక్కుతాడేంటి?"

"సంఘం ఏమైంది మామ్మా? అందరిదీ అంటే చివరికి ఎవడిదీ కాదు. పక్కదేశంలో సర్కారు బోర్డు అన్నారు, మంత్రుల బావమరుదులు మింగి కూర్చున్నారు."

"అది తిన్నవాళ్ళ తప్పు గానీ కలిసి వండుకోవడం తప్పా? నువ్విప్పుడు తినేది ఒక్కడికి వండిందా?"

"మీరిద్దరూ తర్వాత తీరిగ్గా కొట్టుకోండి," అంది డెలాలి. "ముందు క్రోనెల్ వాడు ఏడవాలి."

ఒక్క విషయంలో మామ్మ, ఎడెమ్ ఒక్కటైపోయారు. ఈమధ్యే డెలాలి వాళ్ళు మళ్ళీ నిలబెట్టిన సంఘం దగ్గరున్న పెనాలు దాని ఊళ్ళ పంటకే చాలీచాలకుండా ఉన్నాయి. దేశమంతా పెనాలు లేచేదాకా గొళ్ళెం సీసా మూత తియ్యడానికి వీల్లేదన్నారు. బయటికి పాకితే చిన్నరైతు మాడిపోతాడు. డెలాలి సరేనని తలూపింది. ఆ తలూపడం ఒట్టిదే. సీసా అప్పటికే ఆమె సంచిలో ఉంది. కంపెనీ తోట కుప్పలు కంపెనీవే కదా, దానికీ ఊరికీ మధ్య ముళ్ళకంచె ఉంది కదా అనుకుంది.

తోటలో కూలి ఆడవాళ్ళకి మేస్త్రీ సెనమ్. డెలాలితో కలిసి బడికెళ్ళిన మనిషి, చిన్నప్పటి స్నేహితురాలు. "మీ కుప్పలు ఎలా పులుస్తున్నాయో ఒకసారి చూడాలే," అని అబద్ధం ఆడి, తలగుడ్డ చుట్టుకుని ఆ గుంపులో కలిసి లోపలికి వెళ్ళింది. గేటు దగ్గర కొత్త కాపలావాడు ఎవరో అదే ఖాకీ చొక్కాలో ఉన్నాడు. డెలాలి పళ్ళు కొరుక్కుంది. కుప్పలు తిరగేసే వేళకి సీసా ఒంపేసింది.

"ఏం పోశావే?" అంది సెనమ్.

"మంచి వాసనకి."

"వీళ్ళ గింజకి మంచి వాసన నువ్వెందుకు పోస్తావే? పిచ్చిదానివా?" అని సెనమ్ నవ్వింది. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర గింజలు దాచుకున్నారేమోనని ఆడవాళ్ళ నడుములు తడిమి తడిమి పంపారు. సెనమ్ నవ్వు ఆగిపోయింది, డెలాలి నవ్వు మొదలైంది.

నేను మొదట చెప్పిన ఓడ వార్త దీని ఫలితమే. తర్వాత రెండో ఓడ, మూడోది. బ్రాండ్ట్ అనే ఆ తోట మేనేజరు మొహం పీక్కుపోయి కనిపించాడని ఎవరో అంటే, ఆ రోజు డెలాలి కోడికూర వండించింది. తండ్రి చొక్కా తీసి మంచం మీద పరిచి, "చూశావా నాన్నా?" అంది. అంత సంతోషం ఆమె జన్మలో ఎరగదు. తప్పని నేనెలా అనను?

కోతలు ముగిసి, ఊళ్ళ సరుకు రేవు గోదాముకి చేరిన కొన్ని వారాలకి డెలాలి పరిశోధనశాలకి సెనమ్ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి పిడికిలి చాపింది. అందులో నాలుగు కోకో గింజలు.

"కొరికి చూడు."

డెలాలి కొరికింది. నాలుక మొద్దుబారిపోయింది.

"తోటవా?" అంది.

"తోటవి కాదే, మావి. మా ఆయన క్వామీ రేవు షెడ్డునుంచి తెచ్చాడు. మావే కాదు, కొండకింద ఊళ్ళన్నీ ఇంతే. కంపెనీ తూకం మూసేసింది. సర్కారోళ్ళు కూడా వద్దన్నారు. నువ్వు చదువుకున్నదానివి, ఏం తెగులో చెప్పు."

"మీ కుప్పలకి ఎలా..." అని డెలాలి ఆగిపోయింది. ఎలాగో అప్పుడు తట్టింది.

అక్కడ ఒక ఆచారం ఉంది. ఒకరి కోతకి సాయం వెళ్ళిన మనిషి, ఆ ఇంటి వేడికుప్పలోంచి పిడికెడు గుజ్జు తెచ్చి తన కుప్పలో కలుపుతుంది. కొత్తకుప్ప తొందరగా వేడెక్కుతుందని. ఇచ్చేవాళ్ళు చేత్తోనే ఇవ్వాలి, పుచ్చుకునేవాళ్ళు అరిటాకు చాపాలి. పిడికెడు ఇస్తే కాదనకూడదు. తీసుకున్నది తన కుప్పలోనే వెయ్యాలి, పారబొయ్యకూడదు. కాదన్న ఇంటికి మర్నాటినుంచి నిప్పు కూడా అరువివ్వరు. డెలాలి ఆ పిడికిళ్ళ మధ్యే పెరిగింది. కానీ కూలికి పోయే తోటలో, నడుములు తడిమే గేటు వెనక ఆ ఆచారం ఎప్పుడో చచ్చిపోయి ఉంటుందనుకుంది.

"ఆ తోటలోంచి కూడా పిడికెడు తెస్తారా?" అంది నీరసంగా.

"తేకేం? తలగుడ్డ మడతలో పెట్టుకుని తెస్తాం. వాళ్ళు వెతికేది నడుమేగా!" సెనమ్ మొహంలో గర్వం. "ఆ నేల మనది, ఆ వేడీ మనదే. వాడికి తెలీకుండా రోజూ కాస్త వెనక్కి తెచ్చుకుంటున్నాం. ఒకరినుంచి ఒకరికి దేశమంతా వెళ్ళింది ఆ పిడికెడు."

డెలాలి మిగిలిన గింజలు బల్లమీద పెట్టింది. నిజం చెప్పడానికి నోరు తెరిచింది, మూసుకుంది. చూస్తానులే అని పంపేసింది. ఇది మాత్రం తప్పే, నేను వెనకేసుకు రాను.

ఆకలి తొందరగా వచ్చింది. కొందరు చెట్లు నరికి బొగ్గు కాల్చారు. మగవాళ్ళు ఉత్తరాన బంగారు గోతుల్లో దిగడానికి బస్సులెక్కారు. క్వామీ కూడా వెళ్ళాడు. ఒక వానకి గొయ్యి కూలి మట్టి మీదపడింది. శవం వచ్చిన రోజు డెలాలి ఆ ఇంటి వాకిలిదాకా వెళ్ళి, సెనమ్ ఏడుపు విని వెనక్కి వచ్చేసింది. ఆ సాయంత్రంనుంచి తిండి మాని, గొళ్ళెంతో పాటే ఏళ్ళక్రితం మొదలుపెట్టి వదిలేసిన విరుగుడు పురుగు పని మీద కూర్చుంది. దానికి తాళంచెవి అని పేరు పెట్టింది. అది గొళ్ళేన్ని తినేస్తుంది. కానీ శుభ్రమైన వేడికుప్పలోనే బతుకుతుంది. ఫ్రిజ్జులో పెడితే చస్తుంది, ఒక కుప్పనుంచి మరో కుప్పకి చేతుల మీదుగా పోవాల్సిందే. పాకేటంత బలం వచ్చేలోగా గొళ్ళెం తగిలితే తాళంచెవే చస్తుంది. అప్పుడే మొదలైన చిన్నకోతలో, ఒకే ఒక్క కుప్పలో అది నిలబడింది.

ఈలోగా కంపెనీ శాస్త్రవేత్తలు పురుగు ఎక్కడ పుట్టిందో పట్టేశారు. రేడియోలో డెలాలి పేరు చెప్పారు. మామ్మ వింది. ఆ పూట డెలాలికి కంచం పెట్టలేదు, అంతే.

మర్నాడే బ్రాండ్ట్ వచ్చాడు. కుర్చీ తుడిచి మరీ కూర్చున్నాడు.

"మేం వేరే ఖండంలో కొనుక్కుంటున్నాం, మాకేం నష్టం లేదు. మీకే మేం తప్ప దిక్కు లేదు. విరుగుడు మాకిచ్చెయ్యండి. కేసు ఉండదు. మళ్ళీ గింజలు కొంటాం. మీ నాన్నగారి ఫ్యాక్టరీ మీ అన్నగారి పేర తెరిపిస్తాం."

ఎడెమ్ చెల్లెలి వైపు చూశాడు. "ఒప్పుకో చెల్లీ. జనం చస్తున్నారు."

డెలాలి లోపలికి వెళ్ళి ఖాకీ చొక్కా తెచ్చి బ్రాండ్ట్ ఒళ్ళో పడేసింది. "తొడుక్కో. మా గేటు దగ్గర నిలబడు. అప్పుడు మాట్లాడదాం." అతను మొహం మాడ్చుకుని చొక్కా నేలమీదకి తోసి వెళ్ళిపోయాడు. డెలాలి దాన్ని తీసి దులిపి భుజాన వేసుకుంది.

కంపెనీకి ఇవ్వదు. ఊళ్ళకి ఇస్తుంది. తోట మాత్రం చేదెక్కి చావాలి. అంతవరకే ఆమె లెక్క.

తాళంచెవి కుప్పని బండిమీద గంపతో సహా ఊళ్ళోకి తెచ్చి, సంఘం షెడ్డు ముందు దింపించింది. అబ్బులు వచ్చి పక్కన నిలబడ్డాడు. పట్టపగలు. ఆడవాళ్ళంతా వచ్చారు. మామ్మ కూడా వచ్చింది. డెలాలి అరిటాకు తీసి, పొగలు కక్కే గుజ్జు పిడికెడు పట్టి ముందుకి చాపింది.

"నేనే చేశాను," అంది. "కంపెనీని చంపుదామని చేసి మిమ్మల్ని చంపాను. ముందు గొళ్ళెం తగలని కొత్తకుప్పలో పెంచితే, దీంతో గొళ్ళెం ఊడిపోతుంది. తీసుకోండి, మళ్ళీ అమ్ముకోవచ్చు."

ఎవరూ ఆకు చాపలేదు. చెయ్యి కాలుతోంది. మామ్మ వైపు చూసింది. మామ్మ కూడా ఆకు తియ్యలేదు.

జనాన్ని తోసుకుంటూ సెనమ్ వచ్చింది. నల్లగుడ్డ కట్టుకుంది. కళ్ళు లోపలికి పోయాయి గానీ, నీళ్ళు లేవు.

"మంచి వాసనకి అన్నావు నాతో," అంది.

"కొట్టవే. చంపెయ్యి."

"చంపితే నాకేం వస్తుందే?" సెనమ్ గొంతు పెద్దది చేసింది, అందరికీ వినపడేలా. "మా ఆయన మీద పోసిన మట్టి ఇంకా ఆరలేదు. ఇప్పుడు గొళ్ళెం తీస్తానంటున్నావు. తీస్తే ఏమవుతుంది? మళ్ళీ పచ్చిగింజ బస్తాకెత్తి, అదే తూకం దగ్గర అదే వంగి, అదే ఓడ ఎక్కిస్తాం. ఒక్క తోట చస్తే కంపెనీ చస్తుందా? వాడు మన గింజలన్నీ మళ్ళీ కొంటాడు, వాడు చెప్పిన ధరకి. అయితే నా మొగుడు ఎందుకు చచ్చినట్టే? చెప్పు!"

డెలాలి చేతిలో గుజ్జుని మళ్ళీ గంపలో పెట్టింది.

"నీకు ఒక్క మేనేజరు ఏడుపు చాలు. నాకు చాలదు. ఆ ఓడ ఇంకెప్పటికీ మా పచ్చిగింజ మొయ్యకూడదు. నా మనవలనాటికి కూడా మొయ్యకూడదు." సెనమ్ తలగుడ్డ మడత విప్పింది. అందులో తన ఇంటి చిన్నకోత కుప్పలోంచి తెచ్చిన గుజ్జు, గొళ్ళెం పట్టింది. దాన్ని పిడికిట పట్టి చాపింది. "ఇదిగో. నీకు ఇస్తున్నాను. కాదనకూడదు కదా?"

ఎడెమ్ ముందుకు దూకాడు. "వద్దు! అది ఈ గంపలో పడితే తాళంచెవి చచ్చిపోతుంది. మళ్ళీ చెయ్యాలంటే ఏళ్ళు పడుతుంది. కంపెనీ పెడదామో సంఘం పెడదామో, ముందు అమ్ముకోనివ్వండి!"

"కంపెనీయో సంఘమో మీ ఇంట్లో మీరు తేల్చుకోండి బాబూ," అంది సెనమ్ అతని వైపు చూడకుండానే. "వేయించడం మాత్రం ఇక్కడే. ఈ ఏడు పస్తులే, నాకు తెలుసు. పస్తులుంటాం. అయ్యా అబ్బులూ, పీపాలున్నాయా?"

అబ్బులు రేవు వైపు చెయ్యి చూపించాడు. "రేవులో బోల్డు పడున్నాయండి. కొయ్యడానికి మనుషులే చాల్రు."

"ఇంతమందిమి కనపడట్లేదా?"

ఎవరో ఆడమనిషి ఔనంది. తర్వాత ఇంకొకామె. వాళ్ళ గొంతుల్లో దయ లేదు. డెలాలి పదేళ్ళు ఒంటరిగా మోసిన కసి అది. ఇప్పుడు వాళ్ళందరిదీ అయిపోయి, ఆమె చేతిలోంచి జారిపోయింది. వద్దు, పిల్లలు ఆకలికి ఆగలేరు అని అరవాలనిపించింది. ఆ మాట అనే అర్హత తనకి లేదని కూడా తెలుసు.

మామ్మ నెమ్మదిగా వచ్చి, ఒక అరిటాకు ముక్క తుంచి డెలాలి చేతిలో పెట్టింది. "చాపవే," అంది.

డెలాలి ఆకు చాపింది. సెనమ్ పిడికిలి విప్పింది. గుజ్జు వెచ్చగా ఆకులో పడింది. డెలాలి గంప దగ్గరికి నడిచి, వంగి, మోచేతిదాకా చెయ్యి లోపలికి పెట్టి, దాన్ని తన కుప్పలో కలిపింది. ఏడుస్తూనే బాగా కలిపింది, అడుగుదాకా.

"లే," అంది సెనమ్. "మొదటి పెనం మా పెరట్లోనే. నిప్పు నువ్వే రాజెయ్యాలి, మసీ నువ్వే తోమాలి. నేను చాలన్నదాకా."

పీపాలకోసం అందరూ ఏటిదారిన రేవుకి బయల్దేరారు. ఆ దారి తోట గేటు ముందునుంచే పోతుంది. లోపల బళ్ళు కదలడం లేదు. ఖాకీ చొక్కాలో ఉన్న కాపలావాడు ఆ గుంపుని చూసి, ఎవరో ఏమిటో తెలీక, అలవాటుకొద్దీ లేచి నిలబడి చెయ్యి ఎత్తాడు. డెలాలి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. భుజం మీద చొక్కాని రెండు చేతులతో పట్టుకుంది.

సెనమ్ వెనక్కి తిరిగి చూసి, గేటు వైపు రెండడుగులు వేసింది.

"కూర్చోవయ్యా," అంది అతనితో. "ఇంక ఎవరికీ లేవక్కర్లేదు. ఖాళీగా ఉంటే నువ్వూ రా, పీపాలు మొయ్యాలి."